తాళ్ళచేను

మా పొలాలకి సర్వే నంబర్లు ఉంటాయని నాకు మీసాలొచ్చేదాకా తెలియదు. ఇంట్లో ఎవరూ నంబరుతో పిలవలేదు. మెరక చేను, బాడవ, కోనేటి కింద నాలుగెకరాలు, తాళ్ళచేను. "బాడవలో నీళ్ళు తీసినయ్యా?" అని నాన్న పాలేరుని అడిగేవాడు. "తాళ్ళచేలో మినుము మొలిచిందంట" అని అమ్మ దొడ్లోంచి అరిచేది. ఊరు రేపల్లెకి దగ్గర, కృష్ణ పడమటి డెల్టాలో చివరి కాలువల మీద. నీళ్ళు మాకు అందరికంటే ఆఖరున వచ్చేవి.

తాళ్ళచేను ఎకరం ఇరవై సెంట్లు. తూర్పు గట్టు మీద పదకొండు తాడిచెట్లు. ఎన్నోసార్లు లెక్కపెట్టిన చెట్లు కాబట్టి ఆ అంకె మీద నాకు అనుమానం లేదు. వేసవిలో ముంజెలు, వానలకి పండ్లు, ఆ టెంకలు పాతిపెడితే సంక్రాంతికి తేగలు. నాన్నే దున్నించేవాడు, నాన్నే ఊడ్పించేవాడు, శిస్తూ నాన్నే కట్టేవాడు. చేను మాత్రం మేనత్తది. ఇందులో తిరకాసేదో ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

అత్త పెళ్ళి 1952లో. అత్తవారిది కృష్ణకి అవతల, దివిసీమ. పీటల మీదుండగానే తాతయ్య పదిమందిలో లేచి, తాళ్ళచేను అమ్మాయికి పసుపు కుంకుమ కింద ఇస్తున్నానని చెప్పాడట. తర్వాత ఒక తెల్లకాగితం మీద నాలుగు వరసలు రాసి, కింద చేవ్రాలు పెట్టి, పెళ్ళికూతురి పెట్టెలో పట్టుచీర మడతలో పెట్టాడు. రిజిస్టరాఫీసు మాటే రాలేదు. కూతురికి పసుపు కుంకుమ ఇచ్చి దానికి స్టాంపు కాగితం కొనడం ఆ రోజుల్లో నామోషీ. ఇచ్చిన మాటకి నువ్వే సాక్షుల్ని వెతుక్కున్నట్టు ఉండేది.

ఏరు దాటి వచ్చి అత్త వ్యవసాయం చెయ్యలేదు గదా. అందుకని ఏటా సంక్రాంతికి బస్తా వెళ్ళేది.

ఆ బస్తా సంగతి కాస్త తీరుబడిగా చెప్పాలి. నిజానికి ఒక్క బస్తా కాదు. పంటనిబట్టి మూడో నాలుగో బియ్యం బస్తాలు. వాటితోపాటు వెనకటి ఏడు కాసిన మినుములు ఒక గోతం. మా వైపు మినుముకి వేరే దుక్కి ఉండదు. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ చేలోనే గింజలు చల్లుతారు. వరి కోసి పనలు తీసేసరికి కింద మినుము రెండాకులేసి ఉంటుంది. ఒక బస్తా మూతి మాత్రం అమ్మ కుట్టనిచ్చేది కాదు. బియ్యం మీద బట్ట పరిచి అరిసెలు, జంతికలు, అత్తకిష్టమని నువ్వులుండలు, ఒక రవికెల గుడ్డ, పసుపుకొమ్ములు సర్దేది. ఆ తర్వాతే దబ్బనం తీసేది. కింద చేను పంట, పైన పుట్టింటి సారె. రెండూ ఒకే గోతంలో, ఒకే పురికొసతో కుట్టి ఉండేవి.

తెల్లవారుజామున బండి కట్టి పెనుమూడి రేవుకి తోలేవాళ్ళం. ఇప్పుడు అక్కడ వారధి ఉంది, బస్సులో కునుకు పట్టేలోపు అవతల పులిగడ్డ వస్తుంది. అప్పుడు పడవే గతి. జనవరి పొగమంచులో అవతలి గట్టు ఉందో లేదో తెలిసేది కాదు. బస్తాలు పడవ అడుగున పరిచి, వాటి మీద మేం కూర్చునేవాళ్ళం. ఏటి మధ్యకి వెళ్ళాక గెడ అడుగు తగలని చోట పడవవాళ్ళు మాట్లాడడం మానేసేవాళ్ళు. ఆ నిశ్శబ్దం నాకింకా గుర్తే. అవతలి ఒడ్డున మామయ్య బండితో నిలబడి ఉండేవాడు. అత్త ముందు అరిసెల బస్తా విప్పేది, తర్వాత గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని ఊదేది. "ఈ ఏడు గింజ సన్నబడింది అన్నయ్యా" అనేది. అక్కుళ్ళ కాలంలోనూ అనేది, మసూరి వచ్చాకా అనేది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చి గింజ నిజంగానే సన్నబడ్డాక మాత్రం ఆ మాట అనలేదు.

కౌలు అనే మాట మా ఇంట్లో ఆ బియ్యానికి ఎవరూ వాడలేదు. తమ్ముడు కౌలుదారైతే బాగుంటుందేమో గాని, అన్న కౌలుదారేమిటి?

తాతయ్య 1961లో పోయాడు. నాన్న, బాబాయి 1968లో పంచుకున్నారు. పంపకాల రోజు ఊరి పెద్దమనుషులు వేపచెట్టు కింద మంచాలేసుకుని కూర్చున్నారు. బాబాయి మూడేళ్ళ కూతురి చేత చీటీలు తీయించారు. మొత్తం తొమ్మిదెకరాలు. తాళ్ళచేను తీసి పక్కన పెట్టి, మిగతా ఏడెకరాల ఎనభై సెంట్లలో తలా మూడెకరాల తొంభై. "అది చెల్లాయిది, చీటీలోకి రాదు" అని నాన్నే చెప్పాడు. నేను విన్నాను, పదకొండేళ్ళవాణ్ణి. నాయనమ్మ అప్పటికి బతికే ఉంది. ఆవిడకి వాటా ఉంటుందని ఎవరూ అనలేదు, ఆవిడా అడగలేదు. బాబాయికి మెరక చేను పడింది. కాలువ నీళ్ళు ఎక్కని చేను అది. ఆ సంగతి తర్వాత పనికొస్తుంది.

కరణంగారి అడంగల్లో తాళ్ళచేను ఎలా ఉండేదో నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను. పట్టాదారు గడిలో తాతయ్య పేరు. పక్కన అనుభవదారు గడిలో నాన్న పేరు. ఏటా అజమాయిషీకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చేవాడు. కరణంగారు చేను గట్టు మీద నిలబడి "పంట వరి, అనుభవం పెద్దబ్బాయి" అని చెప్పి రాయించేవారు. ఒకసారి తాతయ్యే ఉన్నప్పుడు "అమ్మాయి పేరు రాయవయ్యా" అన్నాడట. "నాగలి ఎవరిదైతే వాళ్ళ పేరే రాయాలి బావగారూ, నా చేతిలో లేదు" అన్నారట కరణంగారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ గడిలో ఆయన రాసింది నాగలిని. బస్తాని రాసే గడి ఆ పుస్తకంలో లేదు.

ఆ లెక్కలన్నీ ఫసలీల్లో ఉంటాయి. జులై ఒకటిన ఫసలీ మొదలు, మన సంవత్సరంలోంచి 590 తీసెయ్యాలి. ప్లీడరు గుమాస్తాలు ఇప్పటికీ "1371 ఫసలీ నుంచి అడంగళ్ళు పట్టుకురండి" అంటే కుర్రాళ్ళు తెల్లమొహం వేస్తారు. 1371 అంటే 1961 జులై నుంచి 62 జూన్ దాకా. తాతయ్య పోయిన ఏడు.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మామయ్య, అత్త, పిల్లలు పక్క ఊరి బడి మేడ మీద బతికారు. పశువులు పోయాయి. ఇంటి గోడలు పోయాయి. పట్టుచీర ఉన్న పెట్టె కూడా పోయింది. నాలుగో రోజుకో అయిదో రోజుకో నాన్న పడవ మాట్లాడుకుని వెళ్ళి వాళ్ళని తీసుకొచ్చాడు. అత్త మా ఇంట్లో శివరాత్రి దాకా ఉంది. ఆ ఏడు మా వైపూ వరి నేలకంటుకుంది. పడ్డ వెన్నులు మొలకలెత్తాయి, బియ్యం ముక్కవాసన. ఆ అన్నమే అందరం తిన్నాం. సంక్రాంతికి బస్తా కట్టలేదు. కట్టి ఎవరికి పంపుతాం? చేనుగలామె మా వంటింట్లోనే పీట వేసుకు కూర్చుని ఉంది.

ఇది గుర్తుపెట్టుకోండి.

1984 జనవరిలో కరణాల్ని, మునసబుల్ని ప్రభుత్వం ఒక్క కలంపోటుతో తీసేసింది. మంచి పనే అన్నవాళ్ళు మా ఊళ్ళో ఎక్కువ. మా కరణంగారు ఎర్రగుడ్డలో కట్టిన దస్త్రాల్ని బండి మీద తాలూకాఫీసుకి పంపించి, అరుగు మీద పడుకుని పొద్దంతా నిద్రపోయారని చెప్పుకునేవాళ్ళు. ఆయన మంచివాడని కాదు, దసరా మామూలు దగ్గర చాలా గట్టి మనిషి. కాని ఏ చేను ఎవరి నోటిమాటతో ఎవరికి వెళ్ళిందో ఆయన బుర్రలో ఉండేది. బండి మీద వెళ్ళింది అడంగల్ ఒక్కటే.

తర్వాత పాసు పుస్తకాలొచ్చాయి. చట్టం 1971 నాటిదే అయినా మా ఊరికి పుస్తకం చేరేసరికి 1990. సచివాలయాలు, కంప్యూటర్లు లేవింకా. బళ్ళో బల్ల వేసుకుని ఒక ఉద్యోగి అందర్నీ పిలిచి అడిగాడు. "తాత పట్టా. అనుభవం ఎవరిది?" నాన్న "మాదే" అన్నాడు. పుస్తకంలో అయిదెకరాల పది సెంట్లు పడింది. తన మూడు తొంభై, దానికి అత్త ఒకటి ఇరవై. నాన్న ఆ పూట కావాలనే అన్నాడో, అడిగిన ప్రశ్నకి ఉన్న జవాబే చెప్పాడో నాకు తెలియదు. అనుభవం అనే మాటే అలాంటిది. సుఖానికీ అదే మాట, కష్టానికీ అదే, కబ్జాకీ అదే. పుస్తకం చేతికొచ్చిన నెలలోనే నాన్న దాన్ని బ్యాంకులో పెట్టి పంటరుణం తీసుకున్నాడు. మా చెల్లెలి పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. అప్పటికే అదే అప్పు కింద ఎనిమిది తాళ్ళు ఇటుకబట్టీకి వెళ్ళిపోయాయి.

అవతల అత్త కొడుకు చేను అమ్మి రొయ్యల చెరువులో పెట్టాలనుకున్నాడు. వచ్చి నాన్నని అడిగాడు. మాటలు పెరిగాయి. 1991 సంక్రాంతికి బస్తా వెళ్ళలేదు. అమ్మ అరిసెలు మాత్రం వండింది, ఒక డబ్బా వేరుగా తీసి అటక మీద పెట్టింది. ఎవరూ పట్టుకెళ్ళలేదు. ఆ ఏడు ఆగస్టులో దావా పడింది.

మా ప్లీడరుగారు నిదానస్తుడు. కుర్చీలో వెనక్కి వాలి నాన్నకి వివరించాడు. స్థిరాస్తి దానం చేస్తే రిజిస్టరు చేయాలని 1882 ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షను చెబుతోంది. మీ నాన్నగారు చెయ్యలేదు, తెల్లకాగితం కూడా లేదు, కాబట్టి ఆమెకి హక్కు లేదు. ఒకవేళ ఉందనుకున్నా, 1963 లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం పన్నెండేళ్ళు ఎదురుతిరిగి అనుభవించాం కాబట్టి ఆ హక్కు చచ్చిపోయింది. చేను ఆమెది కానే కాదు, ఆమెదే అయినా మాదైపోయింది. కుండ నేను తీసుకోలేదు, తీసుకున్నప్పుడే అది పగిలి ఉంది అన్నట్టు నాకు వినిపించింది. కోర్టులో ఇలాంటి వాదన తప్పేమీ కాదట.

అవతలి ప్లీడరూ పన్నెండేళ్ళ కోసమే వెతికాడు, విచిత్రం అదే. చెల్లని దానమైనా, పుచ్చుకున్నవాళ్ళు పన్నెండేళ్ళు తమదిగా అనుభవిస్తే హక్కు వాళ్ళకే ఖాయమవుతుంది. అన్న చెల్లెలి తరఫున సేద్యం చేసి గింజ పంపాడంటే, అనుభవం చెల్లెలిదే. అంటే ఇరుపక్షాలకీ కావలసింది ఒకటే: ఆ బియ్యం బస్తా కౌలా, సారెనా? కౌలైతే చేను అత్తది. సారె అయితే చేను మాది. అమ్మ దబ్బనంతో కుట్టిన గోతాన్ని ఇద్దరు ప్లీడర్లు రెండువైపులా పట్టుకుని లాగుతున్నట్టుండేది.

అవతలి ప్లీడరు ఇంకో పిడి కూడా పట్టుకున్నాడు. దానం పోతే పోనీ, అత్త తాతయ్యకి వారసురాలు. 1956 హిందూ వారసత్వ చట్టం తర్వాత పోయిన తండ్రి వాటాలో కూతురికి భాగం ఉంది. తొమ్మిదెకరాల్లో తాతయ్య వంతు మూడు. అందులో నాయనమ్మకి, ఇద్దరు కొడుకులకి, కూతురికి తలా డెబ్భై అయిదు సెంట్లు. నాయనమ్మ పోయాక ఆవిడ డెబ్భై అయిదులో ముగ్గురు బిడ్డలకీ పాతికేసి. అత్తకి వెరసి సరిగ్గా ఎకరం. తాతయ్య ప్రేమకీ చట్టానికీ తేడా ఇరవై సెంట్లే. వాటాదారుల్లో ఒకరి అనుభవం అందరి అనుభవం కిందే లెక్క. కాదనాలంటే, నీకు హక్కు లేదు పొమ్మని అవతలివాళ్ళకి తెలిసేలా బయటపడి గెంటాలి. 1956 డిసెంబరులోనే సుప్రీంకోర్టు దాయాదుల దావాలో ఈ మాట చెప్పిందట. కోర్టు వరండాలో దీన్ని ఔస్టర్ అంటారు.

అప్పుడు మా ప్లీడరుగారికి గెంటిన రోజు ఒకటి కావలసి వచ్చింది. వెతికాడు. దొరికింది.

1995లో నాన్న బోనెక్కాడు. ఏటా బియ్యం పంపారా అని అవతలివాళ్ళు అడిగారు. "పంపాను. సారె." మా ప్లీడరుగారు లేచి ఒకే ప్రశ్న వేశాడు. "1978 సంక్రాంతికి పంపారా?"

"లేదు."

అంతే. అబద్ధం కాదు. ఆ ఏడు నిజంగానే బస్తా వెళ్ళలేదు. 78 నుంచి 91కి పదమూడేళ్ళు, పన్నెండుకి పైనే. నేను వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాను. అత్త ఆడవాళ్ళ వైపు, స్తంభం పక్కన. ఆవిడ తల తిప్పి నాన్నని చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తోంది. ముక్కవాసన బియ్యం, వంటింట్లో పీట, శివరాత్రి — ఇవేవీ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. అడిగింది బస్తా వెళ్ళిందా అని. నాన్న బోను దిగి వచ్చి నా పక్కన కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుని, "బస్సుకి టైమైందా?" అన్నాడు. ఆయన తడబడి ఉంటే బాగుండేదని నాకు చాలాకాలం అనిపించింది.

బాబాయి అత్త పక్షాన సాక్ష్యం చెప్పాడు. చీటీల రోజు "చెల్లాయిది" అన్నమాట తాను విన్నానన్నాడు. ధర్మం కోసం చెప్పాడో, మెరక చేను కసితో చెప్పాడో నాకిప్పటికీ తేలదు. చెప్పింది మాత్రం నిజం.

తర్వాతి వాయిదాకి అత్త బోనెక్కింది. "దావా చేసిన భూమికి హద్దులు చెప్పండి" అన్నాడు మా ప్లీడరుగారు. దావా కాగితంలో సర్వే నంబరూ, చుట్టూ రైతుల పేర్లూ ఉన్నాయి. ఆవిడ అవేవీ చెప్పలేదు.

"తూరుపు పదకొండు తాళ్ళు. దక్షిణం పశువుల రేవు. పడమర ఆంజనేయస్వామి దీపం మాన్యం. ఉత్తరం మా నాయన కుప్ప నూర్చే కల్లం."

ప్లీడరుగారు నవ్వాడు. తాళ్ళు మూడే మిగిలాయి. రేవుని గుర్రపుడెక్క మూసేసింది. దీపం మాన్యంలో ఇటుకబట్టీ ఉంది, ట్రాక్టర్లొచ్చాక కల్లంతో పనిలేక అందులో కరెంటు ట్రాన్స్‌ఫార్మరు లేచింది. "ఈమెకి చేనెక్కడుందో కూడా తెలియదండీ" అని ఆయన జడ్జిగారికి విన్నవించాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు, ఫీజు మేమే ఇస్తున్నా. ఆవిడ చెప్పిన హద్దుల్లో ఒక్కటీ తప్పు లేదు. 1952లో పెళ్ళికూతురు బండెక్కి వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆ చేను సరిగ్గా అలాగే ఉంది.

1997లో నాన్న పోయాడు. పదకొండో రోజు కర్మ అయ్యాక గుమాస్తా వచ్చి వారసుల పేర్లు రాసుకెళ్ళాడు. నేను మూడో ప్రతివాదినయ్యాను. మేనత్త వేసిన దావాలో ప్రతివాదిగా నాలుగేళ్ళు వాయిదాలకి తిరిగాను. ఆవిడా తిరిగింది. ఒకే హోటల్లో వేరువేరు బల్లల మీద ఇడ్లీ తినేవాళ్ళం. ఒకసారి ఆవిడ బల్ల దగ్గర చిల్లర లేకపోతే హోటలతను రెండు బిల్లులూ నాకే ఇచ్చాడు, మొహాలు ఒకేలా ఉన్నాయనేమో. కట్టాను. ఆవిడ ఏమీ అనలేదు.

2001లో లోక్ అదాలత్‌లో రాజీపడ్డాం. అత్తకి ఎనభై సెంట్లు, మాకు నలభై. అందులో తీర్పొస్తే అప్పీలుండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది. సంతకాలయ్యాక అమ్మ, అత్త కోర్టు ఆవరణలో మర్రిచెట్టు కింద చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో అమ్మ చెప్పలేదు. ఆ ఎనభై సెంట్లు ఏడాది తిరక్కుండానే అత్త కొడుకు పక్క రైతుకి అమ్మేశాడు. అప్పటికి అతని చెరువు రెండుసార్లు తెల్లమచ్చ రోగంతో పోయింది.

ఒక్క విషయం. రాజీ కాగితం రాసిన గుమాస్తాకి ఓపిక లేదో, భోజనాల వేళయిందో, హద్దుల్ని కొత్తగా కనుక్కోలేదు. ఫైల్లో అత్త వాంగ్మూలం దొరికితే అందులోవే దించేశాడు. నాలుగు హద్దులూ ఆవిడ చెప్పినవే చెప్పినట్టు అవార్డులో పడ్డాయి, కోర్టు ముద్రతో సహా. ఎవరూ చూసుకోలేదు. పక్క రైతు కొన్న దస్తావేజులోకీ అవే ఎక్కాయి.

మా ఊరికి రీసర్వే వచ్చిన ఏడు, కబురు పెడితే నేనూ వెళ్ళాను, నలభై సెంట్ల తరఫున. వెనక గొలుసులు పట్టుకుని వచ్చేవాళ్ళు, లింకుల్లో లెక్క. ఇప్పుడు కర్ర మీద రోవరు పెట్టి ఒక కుర్ర సర్వేయరు గట్టు వెంట నడుస్తున్నాడు, ఆకాశంలోంచి అంకెలు దిగుతున్నాయి. పక్క రైతు దస్తావేజు తీసి చూపించాడు. కుర్రాడు చదువుకుంటూ ఆగాడు.

"పెదనాన్నగారూ, దక్షిణం పశువుల రేవు అని ఉందండీ. ఎక్కడది?"

గుర్రపుడెక్క అంతా పూసి ఉంది, ఊదారంగు పూలు. వేలు పెట్టి చూపించాను. అతను కొంచెం పక్కకి చూశాడు. "ఇంకా ఇటు" అన్నాను. చెప్పులు విప్పి గట్టు దిగాను. గేదెలు దిగే చోట నేల అప్పట్లో గట్టిగా ఉండేది. అదెక్కడుందో కాళ్ళతో తడువుకుంటూ వెళ్ళాను.